ఏప్రిల్ నాలుగున పూయవలసిన చెట్టు

కిందటేడు మా తకిషిమో పట్టణంలో సాకురా అనే చెర్రీ పూలచెట్టు ఏప్రిల్ నాలుగో తేదీ ఉదయం పదిన్నరకు పూస్తుందని మేయర్ కురహాషి తోకుజిరో గారు మార్చి మొదటివారంలోనే సభాముఖంగా ప్రకటించారు. పట్టణ సభలోని పన్నెండుమంది సభ్యులూ చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఏ మేయరూ పూలకు టైమిచ్చిన దాఖలా లేదు. వెనకటి మేయర్లు చెట్టు ఎప్పుడు పూస్తే అప్పుడు పరుగెత్తుకొచ్చి ఫొటో తీయించుకునేవారు. అది పరిపాలన కాదని, ప్రకృతికి లొంగిపోవడమని కురహాషి గారు కనిపెట్టారు.

ఈ సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నా పేరు మినోవ. టౌన్ ఆఫీసుకు ఎదురుగా ముప్పై నాలుగేళ్లుగా సెలూన్ నడుపుతున్నాను. మేయర్ గారి తల అయిదు ఎన్నికలుగా నా చేతుల్లోనే ఉంది. ఆయనకు ఎడమ చెవి మీద కొంచెం జుట్టుంది. దాన్ని కుడి చెవి దాకా పరిచి తలంతా నిండుగా కనిపించేటట్టు చేయడం నా పని. ఉన్న కాస్తలోనే అందరికీ అందేలా సర్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నానని నేను నలుగురితో చెప్పుకుంటూ ఉంటాను.

ఆఫీసు ముందర ఒక సాకురా చెట్టుంది. ఏటి గట్టున మూడువందల చెట్లున్నా వాటికి అధికారిక హోదా లేదు. ఆఫీసు చెట్టు మీద అయిదు పువ్వులు విచ్చుకుంటేనే మా ఊరికి వసంతం వచ్చినట్టు లెక్క. అప్పటిదాకా గట్టు మీద లాంతర్లు వెలగవు, తినుబండారాల దుకాణాలకు పర్మిషన్ ఉండదు, బడిపిల్లలను పూలు చూడటానికి తీసుకెళ్లరు. ఆ అయిదూ లెక్కపెట్టి "పూసింది" అని మైకులో చెప్పే మనిషి నెజు గారు.

నెజు గారు పచ్చదనం సెక్షన్‌కు అధికారి. ఆ సెక్షన్‌లో ఆయనా ఒక సైకిలూ ఉండేవారు. ఈ జాతి సాకురా గింజవేస్తే రాదు, అంటు కట్టాల్సిందే. ఇరవై రెండేళ్ల క్రితం, అప్పటిదాకా లెక్కకు పనికొచ్చిన స్టేషన్ దగ్గరి ముసలి చెట్టు చచ్చిపోతూంటే దాని పుల్ల ఒకటి తెచ్చి, వేరే మొక్క మొదలుకు అంటుకట్టి, బతికించి, ఈ చెట్టును పెంచింది ఆయనే. చలికాలంలో ఆకు లేనప్పుడు ఎక్కి, చీపురుకట్టలా గుబురు కట్టే తెగులు కొమ్మలు వెతికి కోసి, కోసినచోట మందు పూసేవాడు. ఎరువు మొదట్లో వేయకుండా, కొమ్మల చివర్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ చుట్టూ గాడి తీసి వేసేవాడు. బెరడు కింద రంపపు పొట్టులాంటిది రాలిందేమోనని వారానికోసారి మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. ఎవరైనా వేళ్ల మీద నడిస్తే, "కాస్త ఇటుగా వెళ్తారా, అది అక్కడ ఊపిరి తీసుకుంటుంది" అనేవాడు. పెళ్లి చేసుకోలేదు. దానికీ చెట్టుకూ సంబంధం లేదని ఆయనే చెప్పాడు గానీ ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

ఆయన మార్చి ముప్పై ఒకటిన రిటైరవుతున్నాడు. అప్పటికి ఇరవై ఒక్కసార్లు ఆ లెక్క చెప్పాడు. ఇరవై రెండోది ఆఖరుది.

ఏప్రిల్ నాలుగు ఎక్కణ్ణించి వచ్చిందంటే, మంత్రి ఒగితా గారి డైరీలోంచి వచ్చింది. గ్రామీణ ప్రాంతాల పునరుజ్జీవనం ఆయన శాఖ. మా ఊరికి మంత్రి రావడం నలభై ఒక్క ఏళ్లలో అదే మొదటిసారి. కురహాషి గారు అయిదు ఎన్నికల నుంచీ కొండకు సొరంగం తవ్విస్తానని మాటిస్తున్నారు. కొండ దాటాలంటే ఎనభై నాలుగు మలుపుల రోడ్డు. పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లే రోగులు దారిలోనే నయమైపోతారనో, దారిలోనే పోతారనో మా ఊళ్లో రెండు రకాల మాటలున్నాయి. మంత్రిగారి చేతులమీదుగా పూత ప్రకటన చేయిస్తే, ఆ సంతోషంలో సొరంగం మంజూరవుతుందని మేయర్ గారి ప్లాను. మంత్రిగారికి నెల మొత్తంలో ఖాళీ దొరికింది ఒక్క ఏప్రిల్ నాలుగునే, అదీ ఇరవై నిమిషాలు. చెట్టు డైరీ ఎవరూ అడగలేదు.

ఆ ఏడు మార్చిలో ఎండలు ముందే వచ్చాయి. ఇరవై ఒకటో తేదీ పొద్దున మేయర్ గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. నెజు గారు తలుపు తోసుకుని వచ్చాడు. సామాన్యంగా నవ్వని మనిషి, ఆ రోజు మొహం వెలిగిపోతోంది. చెట్టు మీద నాలుగు విచ్చుకున్నాయని, తెల్లారేసరికి అయిదు దాటుతాయని, ప్రకటనకు మైకు సిద్ధం చేసుకోవచ్చా అని అడిగాడు.

మేయర్ గారు అద్దంలోంచే ఆయన్ని చూశారు.

"దాటకూడదు నెజు గారూ."

"చెట్టుకి చెప్పలేమండీ."

"చెట్టుకెవరు చెప్పమన్నారు? మీకు చెబుతున్నాను."

నెజు గారు, అయితే మంత్రిగారి తేదీ మారుస్తారా అన్నాడు. మంత్రిగారి తేదీ మారదని మేయర్ గారు ఓపికగా వివరించారు. పోనీ నిబంధన మార్చి యాభై పువ్వులు చేద్దామా అంటే, అది నలభై ఏళ్ల సంప్రదాయమని, తన హయాంలో సంప్రదాయాన్ని ముట్టుకోనివ్వనని చెప్పారు. తేదీ మారదు, నిబంధన మారదు. మారవలసింది పువ్వులే. ఇంత తేటగా ఆలోచించే నాయకుణ్ణి నేను దగ్గర్నుంచి చూడటం నా అదృష్టం.

అప్పుడాయన తల కొంచెం తిప్పి నా చేతిలోని కత్తెర వంక చూశారు. పలుచన చేసినా చేసినట్టు తెలియకుండా చేసే కత్తెర అది. ఒక పళ్ల వరస ఉంటుంది.

"మినోవ గారూ, మీకు ఎత్తంటే భయమా?"

నాకు భయమే. కానీ అయిదు ఎన్నికల పరిచయం. పైగా నా సెలూన్ ముందరి మురుక్కాలవ పని పట్టణ సభలో పెండింగులో ఉంది.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరుతుంటే మా ఆవిడ సెట్సుయో ఎక్కడికని అడిగింది. ప్రభుత్వ పని అన్నాను. నిచ్చెనతోనా అంది. నేను నిచ్చెన భుజానికెత్తుకుని బయటపడ్డాను.

నెజు గారు అప్పటికే చెట్టు కింద నిలబడి ఉన్నాడు. మా దేశంలో ఒక సామెతుంది: సాకురా కొమ్మ కోసేవాడు మూర్ఖుడు, ప్లమ్ కొమ్మ కోయనివాడు మూర్ఖుడు. సాకురాకు గాయమైతే తొందరగా మానదు, అందులోంచి కుళ్లు లోపలికి దిగుతుంది. నేను ఎక్కాను. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. పదిహేను పువ్వులు విచ్చుకున్నాయి. పదకొండు తీసెయ్యాలి.

"కాడ దగ్గరే తుంచు. కొమ్మకు కత్తెర తగలనివ్వకు. బెరడు గీసుకుపోయిందంటే నేను ఊరుకోను," అన్నాడు.

ఏ నాలుగు ఉంచాలని అడిగాను. ఆయన చాలాసేపు పైకి చూశాడు. చివరికి మొదలుకు దగ్గరగా బెరడులోంచే పుట్టుకొచ్చిన చిన్న పువ్వొకటి, తూర్పు కొమ్మ మీద మూడు ఉంచమన్నాడు. నేను ఒక్కొక్కటే తుంచి కిందికి వదిలితే ఆయన టోపీ తీసి అందులో పట్టుకున్నాడు. ఒక్కటీ నేల మీద పడలేదు.

పని అయ్యేసరికి టోఫు దుకాణం హత్సుసే అమ్మమ్మ కుక్కతో అటు వచ్చింది. ఆవిడకు ఎనభై ఏడేళ్లు. ఆ వయసులో ఊళ్లో ఎవరినైనా ఏమైనా అడిగే హక్కుంది ఆవిడకు. తెల్లారకుండానే చెట్టెక్కి మంగలేం చేస్తున్నాడని అడిగింది. నెజు గారికి అబద్ధమాడటం రాదు. నేనే పిట్టలు మొగ్గలు తింటున్నాయని, చూడటానికి ఎక్కామని అన్నాను.

ఆ మాట మేయర్ గారి చెవిన పడింది. వెంటనే ప్రెస్ నోట్ తయారైంది. మా దగ్గర చలికాలం చివర్లో ఒక పిట్ట కొండ దిగి వచ్చి సాకురా మొగ్గలు తినడం నిజమే. ఎర్రటి మెడ, గుండ్రటి ఒళ్లు. దాని పేరు ఉసో. చిక్కేమిటంటే మా భాషలో అబద్ధానికీ అదే మాట. ప్రెస్ నోట్‌లో ఇలా రాశారు: "తకిషిమోలో పూత ఆలస్యం కావడానికి కారణం ఉసో." కురహాషి గారి ఆఫీసు విడుదల చేసిన నోట్లలో ఒక్క అక్షరం కూడా తప్పు లేనిది నాకు తెలిసి అదొక్కటే.

రెండో రోజుకు ఆఫీసు గుమ్మానికి బోర్డు వేలాడింది. "ఉసో నిర్మూలన కేంద్ర కార్యాలయం. అధ్యక్షులు: మేయర్." బోర్డు రాయించింది ఇవాబుచి. ఈయన సాకే అనే బియ్యపు సారా అమ్మే దుకాణం యజమాని, మేయర్ గారి అభిమాన సంఘానికి అధ్యక్షుడు, నాయకుడి మాట నేల మీద పడకముందే పట్టుకునే మనిషి. పక్క ఊళ్ల నుంచి జనం వచ్చి ఆ బోర్డు పక్కన ఫొటోలు దిగారు. పిట్టల సమస్య మీద ప్రజల్లో ఇంత చైతన్యం ఉందని అనుకోలేదని మేయర్ గారు నాతో అన్నారు. వేటగాళ్ల సంఘం నుంచి ముగ్గురు సభ్యులను తుపాకులతో చెట్టు కింద కూర్చోబెట్టారు. సంఘంలో మిగిలిందే ఆ ముగ్గురు. ముగ్గురి వయసూ కలిపితే రెండువందల ముప్పై నాలుగు. మధ్యాహ్నం ఎండకు నిద్రపోయారు. వాళ్లు నిద్రపోతూండగా నిజంగానే రెండు ఉసోలు వచ్చి వాలి, ఎవరూ ఏమీ అనకపోతే కాసేపుండి వెళ్లిపోయాయి.

ఇరవై అయిదో తేదీకి ఏటి గట్టు మీది మూడువందల చెట్లూ ఒక్కసారే విరబూశాయి. వాటికి హోదా లేదు కాబట్టి వాటిని ఆపేవారూ లేరు. జనం చాపలు పరుచుకుని, అన్నం డబ్బాలు విప్పుకుని, సాకే పోసుకుని కూర్చున్నారు. ఆఫీసు వ్యాను మైకుతో గట్టు పొడుగునా తిరిగింది. తకిషిమోలో సాకురా ఇంకా పూయలేదని, ప్రస్తుతం కనిపిస్తున్నది పూతకు ముందస్తు దశ మాత్రమేనని, పౌరులు తొందరపడి ఆనందించవద్దని విజ్ఞప్తి చేసింది. చాప పరచాలంటే "పూతకు ముందస్తు సమావేశం" అని ఫారం నింపాలన్నారు. నింపినవాళ్లు లాంతరు వెలిగించకూడదు, పాట పాడొచ్చు, కానీ పాటలో వసంతం అనే మాట రాకూడదు.

హత్సుసే అమ్మమ్మ ఫారం చేతికిచ్చిన ఉద్యోగిని ఎగాదిగా చూసిందట.

"నాకు ఎనభై ఏడు, నాయనా. మీ ఆఫీసు పూత దాకా ఆగితే ఈలోపు నేనే రాలిపోతాను. ఈ కాగితం మీద వేడి టోఫు పెట్టుకుంటానులే, కింద కాలకుండా ఉంటుంది," అంది.

ఆఫీసు చెట్టు దగ్గర మా పని పెరిగిపోయింది. ఇరవై ఆరున తొంభై పువ్వులు తుంచాను. ఇరవై ఏడున రెండువందలు దాటాయి. భుజం లాగేసింది. పగలు సెలూన్‌లో చేయి పైకి లేవక గిరాకీలందరికీ కింది సగమే కత్తిరించాను. టోపీ చాలక నెజు గారు బియ్యం సంచి తెచ్చాడు. ఇక కత్తెరతో అయ్యే పని కాదని తేలాక ఇవాబుచి ముందుకొచ్చాడు. చేపల మార్కెట్ నుంచి మంచు దిమ్మలు తెప్పించి చెట్టు మొదట్లో పేర్పించాడు. చెట్టు చుట్టూ కొయ్యలు పాతి నీలం టార్పాలిన్ కప్పించాడు. చెట్టుకు ఇంకా చలికాలమే అనిపించాలని ఆయన సిద్ధాంతం. ఓటర్లకు అయిదుసార్లు పని చేసింది చెట్టుకు చేయదా అన్నాడు.

నెజు గారు ఆఫీసులో గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. నేను జుట్టు ఊడ్చి బయట పోస్తుంటే రోడ్డు అవతలికి వినిపించింది. మంచు పెడితే పీచువేళ్లు చచ్చిపోతాయని, రెండేళ్లకు గానీ బయటపడదని, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదని అరిచాడు. రెండేళ్ల తర్వాత ఎన్నికలు కదా, కొత్త చెట్టు నాటే కార్యక్రమం పెట్టుకోవచ్చని మేయర్ గారు తాపీగా జవాబిచ్చారు.

ఆ రోజు నుంచీ ఒక ఏర్పాటు దానంతటదే స్థిరపడింది. సాయంత్రం ఇవాబుచి మనుషులు మంచు పేర్చి వెళ్లేవాళ్లు. తెల్లవారి నేను వెళ్లేసరికి నెజు గారు ఒక్కడే ఆ దిమ్మలన్నిటినీ తోపుడుబండి మీద ఎత్తి, వెనక ఉన్న కాలవలో వేసి వచ్చి, చొక్కా తడిసిపోయి కూర్చుని ఉండేవాడు. నేనూ ఒక చేయి వేయబోతే వద్దన్నాడు. కత్తెర పట్టేవాడికి చేతులు తిమ్మిరెక్కకూడదన్నాడు. కానీ టార్పాలిన్ జోలికి మాత్రం వెళ్లలేదు. మంచయితే కరిగిందనుకుంటారు, అందులోంచి ఒక్క మేకు తీసినా ఎవరు తీశారో తెలిసిపోతుంది.

ఒక పొద్దున టార్పాలిన్ కింద, ఆ నీలం చీకట్లో, నేను పైన ఉండగా కింది నుంచి మాట్లాడాడు.

"మినోవా, మొదటి ఏడు దీని మీద ఎన్ని పూశాయో తెలుసా? మూడు. అయిదు లేవు. ఆ ఏడు మన ఊరికి వసంతం రాలేదని రాశాను. అప్పటి మేయర్ నన్ను తిట్టి, అయిదని రాయమన్నాడు. నేను రాయలేదు. మూడే ఉన్నాయి కదా."

నా చేతిలో కత్తెర ఉంది.

ముప్పై ఒకటిన ఆయనకు వీడ్కోలు సభ జరిగింది. పువ్వులతో ముప్పై ఎనిమిదేళ్లు గడిపిన మనిషికి గాజుగదిలో పెంచిన తులిప్ పూలగుత్తి ఇచ్చారు. మేయర్ గారు పదిహేను నిమిషాలు మాట్లాడారు. నిబంధనలకు కట్టుబడే అధికారి ఎలా ఉండాలో నెజు గారిని చూసి నేర్చుకోవాలన్నారు. ఆఖర్న ఏమైనా కోరిక ఉందా అని అడిగారు. ఆ టార్పాలిన్ ఒక్క పది నిమిషాలు తీయిస్తే చెట్టును చూసి ఇంటికి వెళ్తానన్నాడు నెజు గారు. తప్పకుండా చూడొచ్చని, ఏప్రిల్ నాలుగున అందరితో పాటు మూడో వరసలో కుర్చీ వేయిస్తానని మేయర్ గారు భుజం తట్టారు. ఆయన తులిప్ పూలు పట్టుకుని, సైకిలు ఆఫీసుది కాబట్టి అక్కడే వదిలేసి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నా షాపు ముందు నుంచి వెళ్తూ కూడా చెట్టు వైపు తిరగలేదు. నేను తలుపు తీసి పిలుద్దామనుకున్నాను. గడియ మీద చేయి వేసి, వెనక్కి వచ్చి నేల ఊడ్చాను.

ఆయన లేని మూడు రోజులూ మంచు పెట్టినచోటే కరిగింది; తెల్లవారి నేనొక్కణ్ణే ఎక్కి విచ్చుకున్నవి తుంచాను. రెండో తేదీన గాలీ వానా వచ్చి గట్టు మీది పూలన్నీ ఒక్క పూటలో రాల్చేశాయి. ఏరంతా గులాబీ రంగులో సముద్రం వైపు వెళ్లిపోయింది. మూడో తేదీన ఆకాశం తేటపడింది. ఆ సాయంత్రం ఆఫీసువాళ్లు గట్టు మీద లాంతర్లు కట్టారు.

నాలుగో తేదీ పొద్దున పదింటికి ఊరంతా ఆఫీసు ముందుంది. ముఖ్యులందరి ఛాతీ మీదా ఎర్ర రిబ్బను, దాని పైన తెల్ల గుడ్డతో కుట్టిన పువ్వు బ్యాడ్జీలు పెట్టారు. అందరికంటే పెద్ద పువ్వు మంత్రిగారి కోసం వెల్వెట్ డబ్బాలో ఉంచారు. మంత్రి ఒగితా గారు పదీ నలభైకి వచ్చారు. ఎనభై నాలుగు మలుపులూ ఆయన మొహంలో కనబడుతున్నాయి. కారు దిగగానే ఇద్దరు సెక్రటరీలు పట్టుకుని ఆఫీసు వెనక్కి తీసుకెళ్లారు. అయిదు నిమిషాల తర్వాత నోరు తుడుచుకుంటూ వచ్చారు. సొరంగం ఎంత అవసరమో ఇంతకంటే బాగా ఎవరూ నివేదించలేరని మేయర్ గారు పొంగిపోయారు. పెద్ద పువ్వు ఆయన ఛాతీకి తగిలించారు.

బూర ఊదారు. తాడు లాగారు. టార్పాలిన్ జారి కింద పడింది.

చెట్టు కనబడింది. చలికి బిగిసిన మొగ్గలు కొన్ని నల్లగా మాడిపోయి ఉన్నాయి. నేను కోసిన కాడలు వేలకు వేలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. అంత చెట్టుకూ అక్కడొకటి అక్కడొకటి పువ్వులున్నాయి. టీవీ కెమెరా దగ్గరికి వచ్చింది. మంత్రిగారు తెల్ల చేతితొడుగు వేసుకుని వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు. కొంచెం వంగి, నాలుగు. తర్వాత వేలు గాలిలో ఆగిపోయింది. కుడివైపు వెళ్లారు, ఎడమవైపు వెళ్లారు. నాలుగే.

పచ్చదనం సెక్షన్‌కు కొత్తగా వచ్చిన అధికారి చెట్టును దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అంతకుముందు ఆయన మురుక్కాలవల సెక్షన్. ఆయన మేయర్ గారిని చూశాడు. మేయర్ గారు ఇవాబుచిని చూశారు. ఇవాబుచి నా కత్తెర చేతిని చూశాడు. చివరికి అందరి కళ్లూ మూడో వరస చివరి కుర్చీ మీదికి వెళ్లాయి.

"నెజు గారూ," అని మేయర్ గారు మైకులో పిలిచారు. "మీది అనుభవమున్న కన్ను. మీరొకసారి చూసి చెప్పండి. మీ మాటే ఫైనల్."

నెజు గారు లేచాడు. పాత కోటు వేసుకుని ఉన్నాడు. ముందు చెట్టు మొదట్లో వంగి నేల మీద చేయి పెట్టి చూశాడు. తడిగా, చల్లగా ఉండి ఉంటుంది. చేయి కోటుకు తుడుచుకోలేదు. చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. పైకి చూస్తూ పెదవులు కదిపాడు. బెరడులోంచి వచ్చే చిన్న పువ్వు చోటు దగ్గర ఆగాడు. అక్కడ ఏమీ లేదు. తిరిగి ముందుకు వచ్చి మంత్రిగారి ఎదురుగా నిలబడ్డాడు. ఈయన ఇప్పుడు నాలుగు అంటాడు, లేదా మార్చి ఇరవై రెండున పూసింది, అయిపోయింది అంటాడు, నా మురుక్కాలవ సంగతి ఇంతే అనుకున్నాను.

ఆయన మళ్లీ మొదట్నుంచీ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చెట్టు మీద చూపించాడు. తర్వాత ఆ తడిచేయి మంత్రిగారి ఛాతీ మీది గుడ్డపువ్వు దగ్గరికి తెచ్చి, ముట్టుకోకుండా ఆపాడు.

"అయిదు," అన్నాడు.

మొదట నవ్వింది మంత్రిగారే. ఆ వెంటనే ఊరంతా చప్పట్లు. బాణసంచా పేలింది, పావురాలు ఎగిరాయి. తకిషిమోలో సాకురా పూసిందని ఒగితా గారు ప్రకటించారు. మర్నాటి పత్రికల్లో "మంత్రి గుండెపై అయిదో పువ్వు" అని పెద్ద అక్షరాలతో వచ్చింది. మంత్రిగారు మిగిలిన ఏడు నిమిషాల్లో ఉపన్యాసం ఇచ్చారు. ఇంత నిష్కళంకమైన ప్రకృతి మిగలడానికి కారణం ఆ మలుపుల రోడ్డేనని, సొరంగాలు తవ్వి దీన్ని పాడుచేయకుండా కాపాడుకోవలసిన బాధ్యత అందరిదీ అని అన్నారు. సొరంగం అనే మాట వినబడగానే మేయర్ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. వాక్యం పూర్తయ్యాక ఆపబోయారు గానీ అప్పటికి ఊరంతా అందుకుంది.

ఆ సాయంత్రం నెజు గారిల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలోనే అడిగేశాను, అలా ఎందుకన్నారని. వెక్కిరింతా, లొంగిపోవడమా, నాకు అర్థం కాలేదు.

"లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టాను," అన్నాడు. తర్వాత టీ తాగుతావా అని అడిగాడు. తాగాను. ఆయన చేతివేళ్లు మంచు ఎత్తినందుకు ఇంకా పగిలి ఉన్నాయి.

జూన్ సమావేశంలో పట్టణ సభ నిబంధనను సవరించింది. ఇకపై చెట్టు మీద నాలుగు పువ్వులు, ముఖ్య అతిథి మీద ఒకటి ఉంటేనే పూత పూర్తయినట్టు. ఏకగ్రీవంగా ఆమోదించారు. సంప్రదాయాన్ని ముట్టుకోకుండానే దాన్ని విస్తరించిన ఘనత కురహాషి గారిది. నా మురుక్కాలవ పని కూడా పూర్తయింది. నీళ్లు ఇప్పుడు పక్కింటి ముందు నిలుస్తున్నాయి.

ఈ ఏడు చెట్టు మార్చి పద్దెనిమిదికే పూసింది. తూర్పు వైపు రెండు కొమ్మలు ఎండిపోయాయి. మిగిలినది పూసింది. ముఖ్య అతిథి కోసం ముగ్గురు మంత్రులకు ఉత్తరాలు వెళ్లాయి. ఇంకా జవాబు రాలేదు.

పంతొమ్మిదిన నెజు గారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టి, నేనూరుకోలేక, చెట్టెలా ఉందని అడిగాను. నేను రిటైరైనవాణ్ణి, నీకు కళ్లున్నాయి కదా, వెళ్లి చూడు అన్నాడు. కత్తెర కింద పెట్టి రోడ్డు దాటాను. నా వెనకాలే ఆయన కూడా ఆ తెల్లగుడ్డతోనే, సగం కత్తిరించిన తలతో వచ్చి నిలబడ్డాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి అరవై దగ్గర ఆపేశాను. రేకులు వచ్చి ఆయన గుడ్డ మీద వాలుతుంటే దులుపుకోలేదు.

అప్పుడే ఆఫీసు వ్యాను అటు వచ్చి, మమ్మల్ని చూసి ఆగింది. కొత్త అధికారి అద్దం దించి, టోపీ తీసి నెజు గారికి నమస్కారం చేశాడు. ఎండిన కొమ్మలు ఇప్పుడే కోయాలా, చలికాలం దాకా ఆగాలా అని అడిగాడు. చలికాలం దాకా ఆగు, కోసినచోట మందు పూయడం మరిచిపోకు అన్నాడు నెజు గారు. ఆ కుర్రాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. చెట్టు వంక కాసేపు చూశాడు. బాగా పూసిందండీ అన్నాడు. అవును అన్నాడు నెజు గారు.

తర్వాత ఆ అబ్బాయి టోపీ పెట్టుకుని, అద్దం పైకెత్తి, మైకు స్విచ్ వేశాడు. వ్యాను గట్టు వైపు కదిలింది.

"ప్రజలకు విజ్ఞప్తి. తకిషిమోలో సాకురా ఇంకా పూయలేదు."